ఆపత్కాలమున విశ్వాసము



కష్టకాలమున దేవుని నమ్మియుండవలెనని చెప్పుటకంటె సులభమైన పని లేదు. చెప్పువారు గట్టుమీద నుందురు; వినువారు నీళ్లలో నుందురు. గట్టుమీదివారి మాటలలో సత్యము లేకపోలేదు గాని, ఆ సత్యమును వారు చెప్పు తీరువలన నీళ్లలోనివారి మెడకు మఱికొంత బరువు గట్టినట్లగుచున్నది. ఈ విషయమును గూర్చి వచ్చు వ్రాతలు సాధారణముగా, నమ్మినవారు గట్టెక్కిరి, నమ్మనివారు మునిగిరి అను ధోరణిలో నడుచుచుండును. నాకట్టి వ్రాతలయందు తృప్తి లేదు. మాది కొల్లేటి ప్రాంతము. నీరు నమ్మినవారి యిండ్లను విడిచి నమ్మనివారి యిండ్లలో మాత్రమే ప్రవేశించుట మేమెన్నడును జూడలేదు.

మా ప్రాంత మెఱుగనివారికై కొంచెము చెప్పవలెను. మండవల్లి గుడివాడనుండి భీమవరమునకు బోవు రైలుమార్గముమీది యూరు. పూర్వము కృష్ణాజిల్లాలో నుండెను. 2022 సంవత్సరమున ఏలూరుజిల్లాలో జేరినది. ఊరికి ఉత్తరముగా కొల్లేరు, దాని లంకలు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పళ్లెమువలె పల్లమైన యీ చోటికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేళ్లును, లెక్కకు మిక్కిలియైన కాలువలును నీరు దెచ్చి పోయుచున్నవి. వచ్చుటకు త్రోవలు పెక్కు, పోవుటకు ఉప్పుటేరొక్కటే. అదియు వంకరలు తిరుగుచు ఇంచుమించు అరువది కిలోమీటర్లు నడచిన గాని సముద్రమును జేరదు. సముద్రము పోటుమీద నున్నచో నీటిని వెనుకకే దన్నును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేటికి గండ్లుపడి విజయవాడలో పెక్కు పేటలు మునిగినప్పుడు పత్రికలన్నియు నగరమునే వర్ణించినవి. ఆ నీరు పిమ్మట నెచ్చటికి బోయెనో లంకలవారికి దెలియును. నగరమున నీరు దీయుచుండగా మాకు నీరు హెచ్చెను. మండవల్లి, కైకలూరు మండలములలో లంకలకు బోవు బాటలు మునిగి, పడవలే దిక్కయ్యెను.

ఆ వరదలో చితికిపోయిన యొక యిల్లాలిని నేనెఱుగుదును. పేరు చెప్పను. భర్త కౌలునకు దీసికొన్న చేపలచెఱువు గట్టు తెగి, పెట్టుబడికై చేసిన అప్పు మాత్రము మిగిలెను. ఇంటిలో మోకాలిలోతు నీరు ఎనిమిది దినములు నిలిచెను. బియ్యపు బస్తా ముక్కిపోయెను. ఆమె కుట్టుమిషను తుప్పుపట్టెను. పిల్లల పుస్తకములు ఆరబెట్టుటకైన మిగులలేదు. ఆమె ఆదివారము గుడి మానినది కాదు. ఉపవాసప్రార్థనలలో ముందువరుసలో గూర్చుండునది. నీరు దీసిన తరువాత పరామర్శకు వచ్చినవారిలో నొకామె, “వదినా, నీ విశ్వాసంలో ఎక్కడో లోటు వుండివుంటుంది, వెదికి చూసుకో” అనెను. మఱియొకామె, “అక్కా, దేవుడు ఇంతకంటె గొప్ప మేలు దాచి వుంచాడు, ఏడవకూడదు, స్తుతించు” అనెను. ఇద్దఱును మంచివారే. ఒకామె వచ్చునప్పుడు పచ్చడిసీసా గూడ దెచ్చెను. కాని యా యిల్లాలు నాటినుండి మూడుమాసములు గుడివైపు రాలేదు. ఏల రాకుంటివని నేనడిగితిని. “ఏడవడానికి వీల్లేని చోటికి ఎట్లా వచ్చేదమ్మా?” అనెను.

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన బాధ్యత మన క్రైస్తవ స్త్రీలమీద నున్నది. పాపమును వెదకి చూపుట ఓదార్పని తలంచువారు యోబు గ్రంథమును మఱియొకసారి చదువవలెను. యోబు స్నేహితులు ఏడుదినములు అతనితో గూడ నేలమీద గూర్చుండి నోరు మెదపలేదు. వారు చేసిన యుపకారమంతయు ఆ యేడుదినములలోనే యున్నది. నోరు తెఱచిన పిమ్మట వారు చెప్పిన దైవపక్షవాదము సరికాదని గ్రంథాంతమున దేవుడే తీర్పు చెప్పెను. దేవునిమీద నిష్ఠురమాడిన యోబే ఆయన సన్నిధిని నిర్దోషియయ్యెను.

కీర్తనల గ్రంథమును జూడుడు. నూటయేబది కీర్తనలలో మూడవవంతు దరిదాపు మొఱలే. అఱువదితొమ్మిదవ కీర్తన బురదలో కాలు నిలువనివాని కేక. దానిని కొల్లేటి లంకలో చదివినచో వ్యాఖ్యాన మక్కఱలేదు. ఎనుబదియెనిమిదవ కీర్తన యింకను విచిత్రము. తక్కిన మొఱలయందు కడపట నైనను ఒక వెలుగురేఖ, ఒక స్తుతివాక్యము కానవచ్చును. దీనియందది లేదు, చీకటితో మొదలై చీకటితోనే ముగియుచున్నది. కీర్తనలను గూర్చిన పెద్దలు దానిని త్రోసివేసి యుండవచ్చును. త్రోసివేయలేదు. దేవునిమీద ఆశ సన్నగిల్లినవాడు గూడ దేవునితోనే మాటలాడుచున్నాడు గనుక అదియు ప్రార్థనయే యని వారు గ్రహించిరి.

బాల్యమున ఇంటియొద్ద భాగవతము చదివిన సోదరీమణులకు గజేంద్రుని కథ జ్ఞాపకముండును. మన మతములు వేఱైనను, పోతనగారు మనుష్యహృదయమును ఎఱిగిన తీరు మెచ్చక తీఱదు. ఆ యేనుగు మొదట తన బలమునే నమ్ముకొని వేయేండ్లు పెనగినది. మొఱపెట్టునప్పుడు సయితము, ఆ కాపాడువాడు నిజముగా నున్నాడో లేడో యను సందేహము దానిని విడువలేదు. కవి యా సందేహమును దాచలేదు; భక్తుని నోటనే పలికించెను. సందేహము లేకుండుటయే విశ్వాసమని మనకెవరు నేర్పిరో గాని, అది శాస్త్రములలోను లేదు, కావ్యములలోను లేదు.

ఇక విమోచన యనగానేమి? దీనికి నాకు మిక్కిలి యిష్టమైన నిదర్శనము అపొస్తలుల కార్యముల గ్రంథము ఇరువదియేడవ యధ్యాయమున నున్న ఓడ కథ. పౌలు ఖైదీగా రోమాపురమునకు బోవుచుండెను. శీతకాలము సమీపించినది, ప్రయాణము వలదని అతడు ముందే హెచ్చరించెను. శతాధిపతి ఖైదీమాటకంటె నావికుని మాటయు, ఓడ యజమానుని మాటయు నమ్మెను. ఇది లోకసహజమే. పిమ్మట తుపాను పట్టుకొనెను. సరకు పాఱవేసిరి, మూడవదినమున ఓడసామగ్రి గూడ పాఱవేసిరి. దినముల తరబడి సూర్యుడు లేడు, నక్షత్రములు లేవు. బ్రదుకుదుమను ఆశ పోయెను. అప్పుడు పౌలు నడుమ నిలువబడి, ప్రాణహాని యుండదనియు, ఓడ మాత్రము పోవుననియు దేవుని దూత తనకు దెలిపినట్లు చెప్పెను.

ఈ వాగ్దానమును శ్రద్ధగా గమనింపుడు. ఓడ దక్కునని దేవుడు చెప్పలేదు. తుపాను ఆగునని చెప్పలేదు. పదునాలుగవ రాత్రి యోడవారు చిన్నపడవ దింపి తాము మాత్రము పాఱిపోజూచినప్పుడు, వీరు ఓడలో నుండనియెడల మీరు తప్పించుకొనలేరని పౌలు శతాధిపతితో చెప్పెను. దేవుని వాగ్దానము చేతనుండగా ఓడవారి యవసరమేమి? అయినను అవసరమయ్యెను. సైనికులు పడవ త్రాళ్లు కోసివేసిరి. తెల్లవాఱవచ్చినప్పుడు పౌలు అందఱును భోజనము చేయవలెనని బలవంతపెట్టి, తానే ముందుగా రొట్టె విఱిచి తినెను. ఆకలితో నున్నవారికి ఉపన్యాసము చెప్పక అన్నము తినిపించిన యీ పౌలును మన గుడులలో తక్కువగా దలచుకొందుము. ఓడ తుదకు ఇసుకదిబ్బకు తగిలి చీలెను. ఈత వచ్చినవారు ఈదిరి. రానివారు పలకలను, ఓడ చెక్కలను పట్టుకొని ఒడ్డు జేరిరి. అట్లు జేరినవారు 276 మంది. వారిలో క్రీస్తును నమ్మినవారు కొలదిమందే, గట్టెక్కినవారు అందఱును. వానకును చలికిని వణకుచున్న వారికి నిప్పు రాజవేసినవారు మెలితే ద్వీపవాసులు. వారికి సువార్త యింకను తెలియదు.

కావున విమోచన యొక్కొక్కప్పుడు చెక్కముక్క రూపమున వచ్చును. చెక్కముక్క చేత దొరికినది గాని నాకు ఓడయే కావలెనని దానిని విడుచువారు కలరు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరులో నట్టి చెక్కయైనను దొరకనివారి సంగతి యేమి? ఆ రాత్రి సముద్రము పొంగి బందరుమీద బడినప్పుడు పట్టణమునందును, చుట్టుపట్ల గ్రామములయందును ఇంచుమించు ముప్పదివేలమంది చనిపోయిరి. 1841 మొదలు అక్కడ చర్చి మిషనరీ సంఘమువారు పనిచేయుచుండిరి. షార్కీ దంపతులు నడపుచుండిన బాలికల వసతిపాఠశాలలోని పిల్లలు పలువురు నాటి ఉప్పెనలో మునిగి మరణించిరి. సాయంకాలము ప్రార్థన చేసి నిదురించిన బాలికలు వారు. వారి విశ్వాసమున లోటుండెనని చెప్ప సాహసించువారెవరు? నేను తల్లిని; నాకు సాహసము లేదు.

అగ్నిగుండము నెదుట నిలిచిన షద్రకు, మేషాకు, అబేద్నెగో అను మువ్వురును రాజుతో చెప్పిన యుత్తరము ఇచట జ్ఞాపకమునకు వచ్చుచున్నది. తమ దేవుడు తమ్మును రక్షింపగలడనిరి. ఒకవేళ రక్షింపకున్నను తాము ప్రతిమకు మ్రొక్కమనిరి. మన ఆదివారపు బడులలో మొదటి సగమును కంఠస్థము చేయింతుము. రెండవ సగమును త్వరగా దాటిపోదుము. గాని వారి విశ్వాసము యొక్క బరువంతయు ఆ రెండవ సగముననే యున్నది.

బందరు ఉప్పెననాటికి ముందుగా హెచ్చరించు సాధనము లేదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమమీద ఉప్పెన పడినప్పుడు హెచ్చరిక చాలినంతగా పల్లెలకు జేరలేదు. ఇంచుమించు పదివేలమంది పోయిరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును చెండాడినప్పుడు, లక్షలమందిని ముందుగానే కదలించిరి గనుక, మన రాష్ట్రమున చనిపోయినవారు నూఱుమందికి లోపే. గాలి తీవ్రత తగ్గలేదు. ముందుగా చెప్పువారును, చెప్పినది వినువారును హెచ్చిరి. ఇల్లు విడిచి పొండని దండోరా వేసినప్పుడు, దేవుడే కాపాడునని మంచముమీద గూర్చుండువారిని నేనెఱుగుదును. మంచిరేవులలో పౌలు చెప్పిన మాటయు అట్టి దండోరాయే గదా!

నీటిని గూర్చి చాల చెప్పితిని. నీరు లేకుండుటను గూర్చియు చెప్పవలెను. మన తెలుగుదేశమున క్రైస్తవులు ఎక్కువగా దలచుకొను విమోచన ధాతకరువు కాలమునాటిది. దానికి మూలము ఒంగోలులోని యొక చిన్నకొండ. 1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున ఆ కొండ నెక్కినవారు అయిదుగురు: నెల్లూరినుండి వచ్చిన జూవెట్ దొరగారు, ఆయన భార్య, ఒక తెలుగు బోధకుడు, జూలియా, రూతు అను నిద్దఱు తెలుగు స్త్రీలు. అమెరికా బాప్తిస్టువారి తెలుగు మిషను అప్పటికి పదునెనిమిదేండ్లది. ఫలము స్వల్పమగుటచే దీనిని మూసివేయుదమా యని స్వదేశములో పెద్దలు తర్కించుచుండిరి. ఆ యైదుగురును ఊరివైపు చూచుచు ప్రార్థించి దిగివచ్చిరి. మఱునాడు ఏమియు జరుగలేదు. మఱుసటియేడు గూడ ఏమియు జరుగలేదు. ఒంగోలున కాపురముండుటకు క్లౌ దొరగారు వచ్చినది 1866లో. పండ్రెండేండ్లు! ఈ కథ చెప్పువారు కొండనుండి నేరుగా జయోత్సవమునకు దూకుదురు. జూలియా, రూతు ఆ పండ్రెండేండ్లలో ఎన్ని ప్రొద్దులు పొయ్యి రాజవేసి, ఎన్నిమాఱులు ఆ కొండను దలచి నిట్టూర్చిరో వ్రాసినవారు లేరు. విశ్వాసజీవితమున ఎక్కువ భాగము అట్టి ప్రొద్దులే.

1876లో వానలు తప్పెను. చెన్నపట్టణపు రాజధానిలో లక్షలకొలది జనులు చచ్చిరి. కరువుపనులలో కూలి దినమునకు ఒక పౌను ధాన్యమునకును కొంచెపు డబ్బునకును దిగెను. టెంపుల్ దొర 1877లో విధించిన యీ కొలతను దలచినప్పుడు నాకిప్పటికిని కడుపు మండును. అప్పుడు సర్కారువారు బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు యౌవనమున సర్వే పని నేర్చినవారు. ఆ కాలువలో మూడున్నఱమైళ్ల భాగమును కాంట్రాక్టుకు దీసికొని, తన బోధకులనే మేస్త్రీలుగా నియమించిరి. వేఱుచోట్ల మాదిగవారిని మేస్త్రీలు తిట్టి కొట్టుచుండగా, ఇచ్చట తమవారే తమపై నుండిరి. పురుషులు పలుగు పాఱలతో త్రవ్వుచు, స్త్రీలు తట్టలతో మన్ను మోయుచుండిరి. భారము మోయువారిని తనయొద్దకు రమ్మని పిలిచి విశ్రాంతి నిత్తునన్న క్రీస్తు మాటను బోధకులు ఆ తట్టలు మోయువారికి వినిపించిరి. అంతకుముందు ఆ మాటకు వారికట్టి యర్థము తోచియుండదు.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. కరువు తీవ్రముగా నున్నన్నాళ్లు వేలమంది బాప్తిస్మమడిగిరి. క్లౌ దొరగారు ఇయ్యలేదు. పదునైదు మాసములు దరిదాపు నిరాకరించిరి. కూటికై వచ్చుచున్నారేమో యను సందేహము పరులకే కాదు, ఆయనకును గలదు. 1878లో, సహాయద్రవ్యము ముగిసినది, ఇయ్యుటకు నాయొద్ద నేమియు లేదు అని చాటించిన పిమ్మటగూడ జనులు వచ్చిరి. ఆ జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి యొద్ద, ఆర్గురు బోధకులు ఇద్దఱిద్దఱుగా వంతులు వేసికొని 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ యేడు ముగియునప్పటికి సంఖ్య తొమ్మిదివేలు దాటెను. అన్నమునకై మతము మార్చుకొనిరని నేటికిని పరిహసించువారికి ఈ పదునైదు మాసముల సంగతి తెలియదు. మనలో కొందఱు ఆ 2,222 అను సంఖ్యను మాత్రము గొప్పగా చెప్పుకొందురు. నాకు సంఖ్యకంటె నిరీక్షణము గొప్పగా దోచుచున్నది. అన్నమును విశ్వాసమునకు కూలిగా నియ్యలేదు. విశ్వాసమును అన్నమునకు వెలగా పుచ్చుకొనలేదు. అన్నము అన్నముగానే యిచ్చిరి.

మా యిల్లాలి సంగతికి వత్తును. ఆమె మాటను నేను మా గుడి అయ్యగారితో చెప్పితిని. ఆయన వయసు చిన్న, నొచ్చుకొందురేమో యనుకొంటిని. డిసెంబరులో నొక యాదివారమున ఆయన ప్రసంగము మాని, ఎనుబదియెనిమిదవ కీర్తనను మొదటినుండి తుదివఱకు చదివి, ఏమియు వ్యాఖ్యానింపక, కొంతసేపు నిశ్శబ్దముగా నుందమనిరి. అట్టి కీర్తన బైబిలులో నున్నదని చాలమందికి నాడే తెలిసెను. ఎవరో పోయి ఆమెతో చెప్పిరి. మఱుసటి వారము ఆమె వచ్చి వెనుక వరుసలో గూర్చుండెను. అప్పు ఇంకను తీఱలేదు. చెఱువు కౌలు మఱియొకరికి బోయెను. భర్త కైకలూరులో మంచుగడ్డల కార్ఖానాలో పనికి గుదిరెను. పాటలు పాడునప్పుడు ఆమె పెదవులు కొన్నిటికి కదలును, కొన్నిటికి కదలవు.

నమ్మియుండుట యెట్లని యడుగు సోదరీమణులకు నేను చూపగల పని యొక్కటి కలదు. అది క్రొత్తది కాదు. 1912లో దోర్నకల్ అధ్యక్షఖండమునకు అజరయ్యగారు బిషప్పయిరి. ఆయన కాలమున తెలుగు క్రైస్తవ స్త్రీలు వంటకు బియ్యము కొలిచినప్పుడెల్ల పిడికెడు దీసి వేఱొక కుండలో వేయుచుండిరి. చేతిలో రూపాయి ఆడనివారికి అదియే కానుక. మా యూరిలో నీ యాచారము నడుమ సన్నగిల్లి, ముసలివారి యిండ్లలో మాత్రము మిగిలెను. కొన్నియేండ్ల క్రిందట మరల నారంభించితిమి. పిడికెడన్న నించుమించు ఏబది గ్రాములు. రెండుపూటలకు నూఱు గ్రాములు; నెలకు మూడు కిలోలు. ఇరువది యిండ్లవారు చేర్చినచో అరువది కిలోలు. వరద వచ్చునాటికి గుడి గదిలో మూడు బస్తాలకు పైగా నుండెను. బస్తాలు గోడకు జేర్చక బల్లమీద నెక్కించినది ఒక ముసలమ్మ. ఏల ఇంత శ్రమయని అప్పుడు మేము నవ్వితిమి.

పంచునప్పుడు చిన్న తగవు పుట్టెను. గుడివారికి మాత్రమే ఇయ్యవలెనని కొందఱు, అందఱికిని ఇయ్యవలెనని కొందఱు. ఆ ముసలమ్మయే, “మెలితేవాళ్లు నిప్పు వెలిగించేముందు పౌలయ్యగారిని ఏ గుడివాడవని అడిగారా?” అనెను. అంతటితో తగవు తీఱెను. పడవమీద రెండు లంకలకు పంపితిమి. పుస్తకములో పేర్లు వ్రాయవలదని ఆమె పట్టుపట్టెను. పేరు వ్రాసినచో పుచ్చుకొన్నవారు మరల మన మొగము చూడలేరనెను. మా యిల్లాలి కుటుంబమునకును బియ్యము ముట్టెను. అంతకుముందు ఆ కుండలో వేసినవారిలో ఆమెయు నొకతె. వేయుటకంటె పుచ్చుకొనుట కష్టముగా నుండెనని తరువాత నాతో చెప్పెను. తొమ్మిదవనాటికి బస్తాలు ఖాళీయయ్యెను. పదవనాటి సాయంకాలము, పొయ్యిలు పొడిగా నున్న యిండ్లలో, మరల పిడికెడు దీసి కుండలో వేసిరి.